గట్టిపడ్డ బ్రెడ్ పారేయకు

చిన్నీ,

మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మొన్న మెట్లెక్కి మా వాటాకి వచ్చింది. అక్కడ నీ అద్దె ఇంట్లో పెద్ద ఓవెన్ ఉందని చెబితే సంతోషించాను. వారం వారం సగం ప్యాకెట్ బ్రెడ్ చెత్తబుట్టలో వేస్తున్నావని కూడా చెప్పింది. అదేం పనే? తిండి పారేసే ఇంట్లో పెరిగావా నువ్వు? సరేలే, చిన్నబుచ్చుకోకు. చదువూ, సాయంత్రం పనీ, వంటా అన్నీ ఒక్కదానివే చూసుకుంటున్నావు, నాకు తెలియదా.

బ్రెడ్ ఫ్రిజ్‌లో పెట్టకు. అది గట్టిపడేది తడి ఆరిపోయి మాత్రమే కాదు, అందులోని పిండిపదార్థం మళ్ళీ బిగుసుకుంటుంది. ఫ్రిజ్ చల్లదనానికి అది ఇంకా తొందరగా జరుగుతుంది, ఫ్రీజర్‌లో అయితే దాదాపు ఆగిపోతుంది. తెచ్చిన రోజే రెండు రోజులకు సరిపడా బయట ఉంచి, మిగతాది ఫ్రీజర్‌లో పడెయ్యి. బూజు కనిపిస్తే మాత్రం పొదుపూ గిదుపూ అనకు. ఆ చోటు గిల్లేసి మిగతాది తినేవు సుమా! దాని పోగులు కంటికి కనపడకుండా లోపలికి పాకి ఉంటాయి.

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు మా పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉండేవారు. వారమంతా మిగిలిన బ్రెడ్, అంచులతో సహా, రేకు డబ్బాలో దాచేవారు. ఆదివారం బొగ్గుల కుంపటి మీద గిన్నె పెట్టి, మూత మీద కూడా నిప్పులు పరిచేవారు. చివర్లో జాజికాయ అరగదీస్తుంటే ఆ వాసన మా వరండా దాకా వచ్చేది. మా అమ్మ ఆవిడ దగ్గరే బ్రెడ్ పుడ్డింగ్ నేర్చుకుంది.

నీకు కుంపటి బాధ లేదు. ఆరు ముక్కలు తుంచి, వెన్న రాసిన గిన్నెలో వెయ్యి. అర లీటరు గోరువెచ్చని పాలలో మూడు గుడ్లు, ఐదారు చెంచాల పంచదార గిలకొట్టి పొయ్యి. పాలు మరుగుతుండగా గుడ్లు వేశావో, విరిగి ఊరుకుంటాయి. గుప్పెడు కిస్మిస్, కాస్త జాజికాయ. అరగంట నాననియ్యి, ఇక్కడ తొందరపడకు. నానని బ్రెడ్ లోపల పిడచలాగే ఉండిపోతుంది. 180 డిగ్రీల దగ్గర ముప్పావుగంట. మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చి పాలు అంటకూడదు, అంతే.

డబుల్ కా మీఠాకి కూడా ముక్కల్ని మూకుడు నిండా నెయ్యి పోసి వేయించనక్కర్లేదు. రెండు వైపులా నెయ్యి రాసి, అదే ఓవెన్‌లో ఎర్రగా కాల్చి, పాకంలో ముంచు. గట్టిపడ్డ ముక్కైతేనే పాకం పీల్చుకుని కూడా విడిపోకుండా నిలుస్తుంది. తాజా బ్రెడ్ ముద్దైపోతుంది.

బ్రెడ్ పొడి సంగతి చెప్పడం మరిచాను. ఓవెన్ కట్టేశాక ఆ వేడిలోనే ముక్కల్ని ఉంచితే ఎండుతాయి. మిక్సీ పట్టి డబ్బాలో పోసుకో, కట్లెట్లకు పనికొస్తుంది. ఇంట్లోనే బ్రెడ్ చేసుకునే రోజు అర కిలో పిండికి ఒక యాభై గ్రాముల పొడి నీళ్ళలో నానబెట్టి కలుపు, రుచి పెరుగుతుంది. ఎక్కువ వేస్తే రొట్టె బరువెక్కుతుంది.

ఈ ఆదివారం పుడ్డింగ్ చెయ్యి తల్లీ. ఎలా వచ్చిందో మీ అమ్మకు కాదు, ముందు నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ