ఆకుపసరు కట్టిన సంకెల
క్రేటమ్ వ్యసనమునకు ఓ.పి. వైద్యమును గూర్చిన పాఠము



మన సంఘములలో అనేక కుటుంబముల బిడ్డలు చదువు నిమిత్తమును ఉద్యోగము నిమిత్తమును అమెరికా దేశమునకు వెళ్లియున్నారు. సారాయిని గూర్చియు పొగాకును గూర్చియు తలిదండ్రులు వారిని హెచ్చరించియే పంపుదురు. అయితే మన పల్లెలలో ఎవరును ఎరుగని ఒక ఆకు ఆ దేశమందు అనేక స్థలములలో పెట్రోలు బంకులయందును పొగాకు దుకాణములయందును బహిరంగముగా అమ్మబడుచున్నది. పొడిగాను, గొట్టపు మాత్రలుగాను, చిన్న సీసాలలో ద్రవముగాను దొరకును. దాని పేరు క్రేటమ్. "ఆకుపసరే గదా, ఏమి చేయును?" అని మొదలుపెట్టి, విడువలేని స్థితికి వచ్చినవారు కలరు. అట్టివారు ఆసుపత్రిలో మంచమెక్కకుండ, తమ ఇంటనుండి వచ్చి పోవుచు పొందదగిన మానసిక వైద్యమొకటి యున్నది. దానిని గూర్చి ఈ నెల నేర్చుకొందము.

1. ఈ ఆకు ఎక్కడిది?

ఇది థాయిలాండు, మలేసియా, ఇండోనేసియా దేశములలో పెరుగు చెట్టు. కాఫీ మొక్కయు, మన కడిమి చెట్టును ఏ కుటుంబములోనివో ఇదియు ఆ కుటుంబములోనిదే. డచ్చి శాస్త్రజ్ఞుడైన కోర్తాల్సు దీని పువ్వులోని కీలాగ్రము బిషప్పులు ధరించు కిరీటమువలె నున్నదని చూచి ఈ జాతికి మిత్రగైనా అని పేరు పెట్టెను. ఎండలో కష్టించు కూలీలును, రైతులును, జాలరులును అలసట తెలియకుండుటకు పచ్చి ఆకును నమలుట, కాచి త్రాగుట అక్కడ పూర్వపు వాడుక. మలేసియావారు దీనిని కెటుమ్ అందురు. నల్లమందు దొరకనప్పుడు దానికి మారుగా వాడుటయు ఆ ప్రాంతములలో 19వ శతాబ్దము నుండి తెలిసిన సంగతియే.

థాయిలాండు ప్రభుత్వము 1943లో దీనిని చట్టముచేత నిషేధించెను. 2021 ఆగస్టులో మత్తుపదార్థముల పట్టికనుండి తొలగించెను. అయినను 2022లో వేరొక చట్టము చేసి, 18 ఏండ్లలోపు వారికిని, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును అమ్మరాదని కట్టడి పెట్టెను. అమెరికాలో కేంద్ర మాదకద్రవ్య శాఖ 2016 ఆగస్టులో దీనిని నిషేధింప తలపెట్టి, ప్రజల అభ్యంతరముల వలన అక్టోబరులో ఆ తలంపును వెనుకకు తీసికొనెను. అలబామా మొదలగు కొన్ని రాష్ట్రములు మాత్రము తామే నిషేధించినవి. చట్టము ఒకచోట ఒకవిధముగాను మరియొకచోట మరియొకవిధముగాను ఉన్నంత మాత్రమున శరీరము దేశమును బట్టి మారదు.

2. ఇది శరీరములో ఏమి చేయును?

ఈ ఆకులో మిత్రగైనిన్ అను సారము కలదు. దానిని 1921లోనే వేరుచేసిరి. అది కాలేయములో కొంత మారి 7-హైడ్రాక్సీ మిత్రగైనిన్ అను మరింత బలమైన పదార్థమగును. నల్లమందును మార్ఫినును మెదడులో ఏ ద్వారములను తట్టునో ఈ రెండును ఆ ద్వారములనే తట్టును. కొంచెము పుచ్చుకొనినవానికి కాఫీ త్రాగినట్లు హుషారు కలుగును. ఎక్కువ పుచ్చుకొనినవానికి మగతయు నొప్పి తెలియకుండుటయు కలుగును.

పచ్చి ఆకు నమలు రైతుకును, దుకాణపు సీసా త్రాగు యౌవనునికిని చాల భేదమున్నది. సీసాలలో సారము చిక్కగా తీయబడియుండును. కొన్నిటిలో ఆకు లేశమైనను లేక, 7-హైడ్రాక్సీ మిత్రగైనిన్ మాత్రమే ఎక్కువ బలముతో నుండును. అట్టి సరుకును కట్టుదిట్టము చేయవలెనని అమెరికా ఆహార ఔషధ శాఖ 2025 జూలైలో సిఫారసు చేసెను. అదే బంకులలో టియానెప్టిన్ అను మరియొక పదార్థమును అమ్ముదురు. కొన్ని దేశములలో అది మనోవ్యాకులతకు మందు. అమెరికాలో దానికి అనుమతి లేదు. అదియు ఆ ద్వారములనే తట్టును. క్రేటమునుకూడ ఏ రోగమునకును మందుగా ఆ శాఖ అంగీకరింపలేదు. సరుకు శుభ్రత విషయములోను నమ్మకము లేదు: 2018లో క్రేటమ్ పొడివలన సాల్మొనెల్లా రోగము 41 రాష్ట్రములలో 199 మందికి సోకినట్లు తేలెను.

3. బానిసత్వపు గుర్తులు

మొదట ఒక చెంచాతో కలిగిన హాయి కొన్ని నెలలకు మూడు చెంచాలతో గాని కలుగదు. ఇది మొదటి గుర్తు. మానిన తరువాత 12 గంటలు మొదలు రెండు దినములలోగా ఒళ్లునొప్పులు, ముక్కు కారుట, కండ్లనీరు, విరేచనములు, నిద్రలేమి, కాళ్లు నిలుకడగా పెట్టలేకపోవుట, చిరాకు, దిగులు బయలుదేరును. ఇది రెండవ గుర్తు. ఈ బాధ సామాన్యముగా వారము లోపల తగ్గును. ఆశయు నిద్రలేమియు అంతకంటె ఎక్కువ కాలముండును. పని పాడగుచున్నను, డబ్బు వ్యయమగుచున్నను, ఇంటివారికి అబద్ధమాడవలసి వచ్చినను మానలేకపోవుట మూడవ గుర్తు.

మలేసియాలో ఆరు నెలలకు మించి వాడుచున్న 293 మందిని పరీక్షించి 2014లో ప్రకటించిన పరిశోధనలో సగముకంటె ఎక్కువమంది తీవ్రముగా బానిసలైనట్లు కనబడెను. కాబట్టి ఇది కొద్దిమంది బలహీనుల సంగతి యని ఎంచరాదు.

4. ఓ.పి. వైద్యము ఎట్లు సాగును?

(అ) మొదటి దినము. వైద్యుడు ప్రశ్నలడుగును: ఏ సరుకు, దినమునకు ఎన్ని గ్రాములు, ఎన్ని సంవత్సరములు, మునుపు మానచూచినప్పుడు ఏమి జరిగెను, సారాయి గాని నిద్రమాత్రలు గాని కూడ వాడుచున్నాడా. ఇక్కడ మంత్రసానియొద్ద మర్మము దాచినట్లు దాచిన ప్రయోజనము లేదు. సాధారణ మూత్రపరీక్షలో క్రేటమ్ కనబడదు గనుక రోగి చెప్పిన మాటయే వైద్యునికి ముఖ్యాధారము. కాలేయము చెడు అవకాశమున్నందున రక్తపరీక్ష చేయుదురు.

(ఆ) మూలమును వెదకుట. అతడు దీనిని ఎందుకు మొదలుపెట్టెను? నడుమునొప్పికా, నిద్ర పట్టకా, దిగులుచేతనా, పరీక్షల భయముచేతనా, లేక వేరొక మత్తును మానుటకా? మనోవైద్యుడు కావలసినది ఇందుకొరకే. దిగులునకు వైద్యము చేయక ఆకును మాత్రము మాన్పించిన యెడల, కలుపు వేరు నేలలోనుంచి పైన కోసినట్లగును.

(ఇ) మందులు. క్రేటమ్ వ్యసనమునకే ప్రత్యేకముగా ఆమోదింపబడిన మందు లేదు. నల్లమందు జాతి వ్యసనములకు వాడు మందులనే వైద్యులు ఇచ్చుచున్నారు. ఈ విషయమై వచ్చిన జ్ఞానము ఎక్కువగా ఒక్కొక్క రోగిని చూచిన వైద్యులు వ్రాసిన నివేదికలనుండి కలిగినది. తక్కువ వాడినవారికి మోతాదును మెల్లమెల్లగా తగ్గించుచు, వణుకు, చెమట, నిద్రలేమి తగ్గుటకు క్లోనిడిన్ వంటివి ఇత్తురు. ఎక్కువ వాడినవారికిని, మాటిమాటికి మరల పడువారికిని బ్యూప్రెనార్ఫిన్, నలొక్సోన్ కలిసిన మాత్రను నాలుకక్రింద కరగనిత్తురు. అయితే మానుటవలని బాధ కొంత బయలుదేరిన తరువాతనే మొదటి మాత్ర వేసికొనవలెను. తొందరపడి ముందుగా వేసికొనినయెడల బాధ ఒక్కసారిగా ముంచుకొని వచ్చును. పూర్తిగా మానినవారిలో కొందరికి నాల్ట్రెక్సోన్ ఇచ్చుటయు కలదు.

(ఈ) మరల మరల వచ్చుట. మొదట వారమునకు ఒకసారియో అంతకంటె తరచుగానో, కుదుటబడిన తరువాత నెలకు ఒకసారియు రావలెను. వచ్చినప్పుడెల్ల మందు మోతాదు సరిచూచుటయే గాక, ఏ వేళ, ఏ త్రోవ, ఏ స్నేహము, ఏ బాధ ఆశను రేపుచున్నదో కూర్చుండి మాటలాడుదురు. మంచి సమరయుని కథను జ్ఞాపకము చేసికొనుడి. గాయము కట్టిన దినముతో అతని పని ముగియలేదు. పూటకూళ్లవానికి డబ్బిచ్చి, తాను తిరిగి వత్తునని మాట ఇచ్చి వెళ్లెను. ఓ.పి. వైద్యము యొక్క బలమంతయు ఆ తిరిగి వచ్చుటలోనే యున్నది.

5. ఒక మత్తును విడిచి మరియొక మత్తును పట్టుటయా?

భక్తిగల తలిదండ్రులు ఈ ప్రశ్న అడుగుదురు. అడుగుట న్యాయమే. దీనికి జవాబు ఏమనగా: బ్యూప్రెనార్ఫిన్ ఆ ద్వారమును సగము మాత్రమే తెరచి, నిలకడగా పట్టుకొని యుండును. కొంత మోతాదు దాటిన తరువాత దాని బలము పెరుగదు. కాబట్టి సరిగా వాడువాడు మత్తులో తూలడు; ఆశచేత ప్రాకులాడడు; పనికి వెళ్లును, నిద్రించును, భోజనము చేయును. బానిస సీసా కొరకు బ్రతుకును. రోగి మందు పుచ్చుకొని తన బ్రతుకు తాను బ్రతుకును. భేదము ఇదియే. ఎంతకాలము వాడవలెనో వైద్యుడును రోగియు కలిసి నిర్ణయింపవలెను. ఇంటివారు తొందరపెట్టి మాన్పించుట మరల పడుటకు త్రోవ తీయును.

6. ఆసుపత్రిలో చేర్చవలసిన దెప్పుడు?

అందరికిని ఓ.పి. వైద్యము చాలదు. సారాయికి గాని నిద్రమాత్రలకు గాని కూడ బానిసయైనవారు, మూర్ఛ వచ్చినవారు, కండ్లు పచ్చబడినవారు, చచ్చిపోవలెనను తలంపు గలవారు ఆసుపత్రిలో చేరవలసి యుండును. గర్భిణి తనంతట తాను హఠాత్తుగా మానక, వెంటనే వైద్యునితో చెప్పవలెను. తల్లి వాడినయెడల పుట్టిన బిడ్డకును మానిన బాధలు కలుగును. ఊపిరి మందగించి స్పృహ తప్పినచో క్షణమైనను ఆలస్యము చేయక అత్యవసర సహాయమును పిలువవలెను.

7. ఇంటివారు చేయవలసినది

అమెరికాలోనున్న బిడ్డ ఫోనులో ఈ సంగతి ఒప్పుకొనినప్పుడు తండ్రి చెప్పు మొదటి మాటమీద చాల ఆధారపడియున్నది. "మా పరువు తీసితివి" అనినయెడల బిడ్డ రెండవసారి నోరు తెరువడు. "చెప్పితివి, మంచిది, రేపు వైద్యుని చూడుము, ఏమి చెప్పెనో నాకు చెప్పుము" అనుట మేలు. ఆ దేశములో 2022 డిసెంబరులో చట్టము మారినందున, బ్యూప్రెనార్ఫిన్ వ్రాయుటకు వైద్యులకు మునుపటి ప్రత్యేకానుమతి అక్కరలేదు. మనోవ్యథలో నున్నవారు అక్కడ 988 నంబరుకు ఫోను చేయవచ్చును. స్వదేశమునకు తిరిగి వచ్చినవారికి టెలిమానస్ 14416, వ్యసన విముక్తి సహాయ నంబరు 14446 కలవు. హైదరాబాదు ఎర్రగడ్డలోను విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి. వైద్యునియొద్ద ఆకు పేరును స్పష్టముగా చెప్పి, వీలైన సీసాను గాని పొట్లమును గాని చూపవలెను.

పెండ్లి చేసిన కుదురునని తొందరపడి సంబంధము చూచుట తగదు. అది రోగమును మాన్పక మరియొక యింటి ఆడపిల్లను ఆ బాధలోనికి దింపును. సంఘస్థులును ఈ సంగతిని బావియొద్ద మాటగా చేయరాదు. చక్కెర వ్యాధికి మందు తెచ్చుకొను పొరుగువానిని మనము ఎట్లు చూచుదుమో, ఈ మందు తెచ్చుకొనువానిని అట్లే చూచుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఆకునుండి వచ్చినది గనుక హాని లేదనుట ఎందుకు పొరపాటు?
2. మొదటి మాత్రను ముందుగా వేసికొనిన ఏమగును?
3. మందు పుచ్చుకొను రోగికిని, సీసాకు బానిసయైనవానికిని భేదమేమి?
4. మీ బిడ్డ ఈ రాత్రి ఫోను చేసి ఒప్పుకొనినయెడల మీ మొదటి మాట ఏమైయుండును? ఇంటివారందరు కూడియున్నప్పుడు దీనిని గూర్చి మాటలాడుకొనుడి.