మంటలో దాక్కునే కాల్షియం: నీటి పరీక్ష తప్పు చెప్పేదెప్పుడు?

తపతి నది ఒడ్డునున్న సూరత్ బట్టలకు పేరుపొందిన నగరం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలెన్నో అక్కడి లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. పాండేసర, సచిన్ పారిశ్రామికవాడల్లోని అద్దకం మిల్లులకు నీరే ఆధారం. నీటిలో కాల్షియం ఎక్కువైతే బట్టకు రంగు సమంగా పట్టదు. దాన్ని కట్టడి చేయడానికి అద్దకంలో ఫాస్ఫేట్ రసాయనాలు వాడటం మామూలే. అయితే, అదే ఫాస్ఫేట్ నీటి పరీక్షను తప్పుదోవ పట్టించగలదు. ఎలాగో చూద్దాం.

పరికరం ఎలా పనిచేస్తుంది?

నీటిలోని లోహాలను కొలిచే పద్ధతుల్లో అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోస్కోపీ ముఖ్యమైనది. 1950లలో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ దీన్ని రూపొందించారు. నమూనాను సన్నని తుంపరగా మంటలోకి పంపుతారు. నీరు ఆవిరై, లవణం విడిపోయి, లోహం విడి పరమాణువులుగా మారుతుంది. కాల్షియం పరమాణువులు 422.7 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటాయి. ఎంత కాంతి తగ్గిందో చూసి, ఎంత కాల్షియం ఉందో లెక్కిస్తారు.

ఇక్కడొక షరతుంది. విడిపోయిన పరమాణువులే లెక్కలోకి వస్తాయి. సమ్మేళనంలో చిక్కుకున్నవి పరికరానికి కనిపించవు.

చిక్కు ఎక్కడ?

గాలి-అసిటిలీన్ మంట వేడి సుమారు 2,300 డిగ్రీల సెల్సియస్. నీటిలో ఫాస్ఫేట్ ఉంటే అది కాల్షియంతో కలిసి, ఆ వేడికి సులువుగా విడిపోని సమ్మేళనంగా మారుతుంది. ఫలితంగా రీడింగ్ తగ్గుతుంది. దీన్నే రసాయన అవరోధం అంటారు. ఇదే మంటలో ఇనుము, నికెల్ ఎక్కువగా ఉంటే క్రోమియం రీడింగ్ కూడా తగ్గుతుంది. కొన్ని అద్దకపు రంగుల్లో క్రోమియం ఉంటుంది. నదుల వంటి జలాల్లోకి వదిలే పారిశ్రామిక నీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశంలోని సాధారణ ప్రమాణం. నిజంగా 2.5 ఉన్నచోట పరికరం 1.8 చూపితే, పరిమితి దాటిన నీరు కూడా పరీక్షలో పాసైపోతుంది.

విరుగుడు ఏమిటి?

మొదటిది, లాంథనం క్లోరైడ్ కలపడం. ఫాస్ఫేట్‌ను లాంథనం తనవైపు లాక్కుంటుంది, కాల్షియం విడుదలవుతుంది. క్రోమియం విషయంలో ఇలాంటి పనికే అమ్మోనియం క్లోరైడ్ వాడతారు.

రెండోది, ఈడీటీఏ. ఇది కాల్షియంను ముందే పట్టుకుని ఫాస్ఫేట్‌కు అందకుండా కాపాడుతుంది, మంటలో మాత్రం సులువుగా విడిపోతుంది.

మూడోది, ఇంకా వేడైన నైట్రస్ ఆక్సైడ్-అసిటిలీన్ మంట. మొండి సమ్మేళనాలు కూడా దీనిలో విడిపోతాయి. కానీ ఆ వేడికి కొన్ని కాల్షియం పరమాణువులు ఎలక్ట్రాన్‌ను కోల్పోయి అయాన్లవుతాయి, రీడింగ్ మళ్లీ తగ్గుతుంది. అందుకే సులువుగా ఎలక్ట్రాన్లనిచ్చే పొటాషియం లవణాన్ని కలుపుతారు.

తప్పును పట్టేదెలా?

నమూనాకు తెలిసిన మోతాదులో అదే లోహాన్ని కలిపి మళ్లీ కొలవాలి. లీటరుకు 2 మిల్లీగ్రాములు కలిపితే రీడింగ్ 1.2 మాత్రమే పెరిగిందనుకుందాం. అంటే కలిపినదాంట్లో 60 శాతమే కనిపించింది. అవరోధం ఉన్నట్టే. లాంథనం కలిపాక పెరుగుదల 2కు దగ్గరగా వస్తే విరుగుడు పనిచేసినట్టు.

అందుకే ల్యాబ్ రిపోర్టు చేతికొస్తే అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. కలిపిన లోహంలో ఎంత శాతం తిరిగి కనిపించిందో కూడా అడగండి.