పళ్ల స్కాన్ సరిగ్గా వస్తేనే మౌత్‌గార్డ్ సరిగ్గా కూర్చుంటుంది



హాకీ, బాక్సింగ్ లాంటి ఆటలు ఆడే పిల్లలకు డెంటిస్టులు కొలత తీసి చేయించిన మౌత్‌గార్డ్ పెట్టుకోమంటారు. పళ్లు సరిచేసే అలైనర్, క్లిప్పులు తీశాక పెట్టుకునే రిటైనర్ కూడా కొలత ప్రకారమే చేస్తారు. వదులైతే జారిపోతాయి, బిగుతైతే చిగుళ్లకు ఒరుసుకుంటాయి. అప్పుడు పిల్లలు వాటిని డబ్బాలోనే ఉంచేస్తారు. దెబ్బ తగిలే రోజున మౌత్‌గార్డ్ నోట్లో ఉండదు.

ఒకప్పుడు ట్రేలో మెత్తటి ముద్ద నింపి అచ్చు తీసేవారు. చాలామంది పిల్లలకు వాంతి వచ్చినట్టయ్యేది. ఇప్పుడు చాలా క్లినిక్‌లలో నోట్లో తిప్పే చిన్న స్కానర్ వచ్చింది. ఇది ఎక్స్‌రే కాదు, కాంతితో పనిచేస్తుంది. వరుసగా ఎన్నో చిత్రాలు తీస్తుంది. పక్కపక్క చిత్రాల్లో ఒకేలా ఉన్న భాగాలను పోల్చి కంప్యూటర్ వాటిని అతికిస్తుంది. నాలుక అడ్డొస్తే అతుకు తప్పవచ్చు. పంటి మీద ఉమ్మి ఉంటే కాంతి చెదిరి అసలు ఆకారం దొరకదు. అందుకే డాక్టర్ గాలి ఊది పళ్లు ఆరబెడతారు.

పదో తరగతిలో కాంతి పాఠం చదివే పిల్లలతో ఇది చేయించండి: పలకను సగం తడిపి, పక్క నుంచి టార్చ్ వేసి చూడమనండి. తడి సగం ఎందుకు మెరుస్తుందో వాళ్లనే చెప్పమనండి.

స్కాన్‌కి వెళ్లేటప్పుడు:

1. బ్రష్ చేయించి తీసుకెళ్లండి. ఇరుక్కున్న మెతుకు కూడా స్కాన్‌లో పన్నులో భాగంగానే పడుతుంది.

2. నొప్పి ఉండదని ముందే చెప్పండి. నోరు తెరిచి ముక్కుతో ఊపిరి తీసుకోవడం ఇంట్లోనే అలవాటు చేయండి.

3. పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరును కూడా స్కాన్ చేస్తారు. అప్పుడు దవడ పక్కకు జరపకుండా, వెనక పళ్లు ఆనేలా మామూలుగా కొరకమనండి.

4. కుర్చీ దిగేముందు స్క్రీన్ చూపించమని అడగండి. చివరి దవడ పన్ను వెనక, చిగురు అంచుల దగ్గర ఖాళీలు ఉన్నాయేమో కనుక్కోండి. అప్పుడే మళ్లీ స్కాన్ చేయడం కొద్ది నిమిషాల పని. వస్తువు తయారయ్యాక తప్పు తేలితే అంతా మొదటికొస్తుంది.

5. సుమారు 6 నుంచి 12 ఏళ్ల వరకు పాలపళ్లు ఊడుతూ కొత్తవి వస్తుంటాయి. కదిలే పన్ను ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. స్కాన్ తర్వాత పన్ను ఊడితే వెంటనే ఫోన్ చేయండి. పాత స్కాన్‌తో కొత్త మౌత్‌గార్డ్ చేయించకండి.

చేతికొచ్చాక ఇంట్లో ఒకసారి పెట్టించి మాట్లాడించండి. ఎక్కడైనా గుచ్చుకుంటోందంటే "అలవాటవుతుందిలే" అనకుండా డాక్టర్‌కి చూపించండి.