అమ్మమ్మ వైద్యం – మూడు మెట్ల విద్య

పెద్దల మాట చద్దిమూట అని నానుడి. దగ్గుకు మిరియాలు, అజీర్తికి వాము, జలుబుకు శొంఠి అని చెప్పగలవారు నేటికీ ఇంటింటా ఉన్నారు. అయితే ఎవరికి, ఎంత, ఎప్పటివరకు అని అడిగిన సమాధానం చెప్పగలవారు అరుదు. మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ వివేకం ఎట్లు అలవడినదో తెలిసికొనుట ప్రతి గృహిణికీ అవసరం.

చరక సంహిత సూత్రస్థానంలో ఈ విషయమై ఒక చక్కని మాట కలదు. మేకల కాపరులు, పశువుల కాపరులు, అడవులలో సంచరించువారు ఓషధులను పేరుతోను, రూపంతోను ఎరుగుదురు. కాని అంతమాత్రాన ఔషధజ్ఞానం పూర్తి కాదనియు, దేశకాలాలను, రోగి స్థితిని గమనించి ప్రయోగించగలవాడే ఉత్తమ వైద్యుడనియు దాని భావం. రోగాన్ని తెలిసికొనుటకు చరకుడు చెప్పిన సాధనాలు మూడు. అమ్మమ్మల విద్యకు కూడ ఇవే మెట్లు అని నా అభిప్రాయం.

ఆప్తోపదేశం: నమ్మదగిన పెద్దలు చెప్పినది. తల్లి వద్ద, అత్తగారి వద్ద, వంటింటిలోను, పురిటి గదిలోను విని నేర్చుకొన్నది.

ప్రత్యక్షం: స్వయంగా చూచినది. కడుపునొప్పి అన్నంతనే మా అమ్మమ్మ వాము డబ్బా తీసేది కాదు. నాలుక చూచేది. పొట్టపై చేయి వేసేది. "రాత్రి ఏమి తిన్నావురా? విరేచనమైనదా?" అని అడిగేది. నొప్పి ఒకేచోట నిలిచి, చేయి తాకనీయకుంటే, "ఇది వాముతో పోయేది కాదు, డాక్టరు గారికి చూపించండి" అనేది. వాము ఇచ్చిన నాడు మరల మరల పలకరించి గుణం కనుక్కొనేది. ఇచ్చి ఊరకుండక, ఫలితాన్ని కనిపెట్టుటయే ఆమెకు పాఠశాల.

అనుమానం: కనిపించు గుర్తులను బట్టి కనిపించనిదానిని గ్రహించుట. విరేచనాలు అవుతున్న బిడ్డ ఏడ్చినా కన్నీరు రాకున్నను, మూత్రం తగ్గినను, కళ్ళు గుంటలు పడినను ఒంటిలో నీరు తగ్గినదని ఆమె ఎరుగును. ఉప్పు వేసిన గంజి కొంచెం కొంచెంగా పట్టించేది. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి ఎందరో కలరా రోగులను కాపాడిరి. పోయిన నీటిని, లవణాన్ని తిరిగి చేర్చుటయే రెండింటి సూత్రం. నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరుకుచున్నది గనుక దానినే వాడుట మేలు. అది లేనిచో కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలుపవలెను. తల్లిపాలు మాన్పరాదు. బిడ్డ మగతగా ఉన్నను, త్రాగలేకున్నను, విరేచనంలో రక్తం కనిపించినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఈ మూడు మెట్లు ఎక్కినవారు క్రొత్త సత్యాన్ని కూడ ఆదరింతురు. పూర్వం పసిబిడ్డకు తేనె నాకించుట ఆచారం. తేనెలో ఉండగల బొటులినం బీజాలు శిశువుకు ప్రాణాపాయం కలిగింపగలవని నేడు తెలిసినది. కనుక ఏడాది నిండని బిడ్డకు తేనె కూడదు.

ఇంటిలో పెద్దలున్నవారు ఒక నోటుపుస్తకం ఉంచుకొనుడు. మందు పేరొక్కటే గాక, ఎవరికి, ఏ వయసులో, ఏ కాలంలో, ఎంత ఇచ్చిరి, ఏ గుర్తు చూచి మానిరి అన్నది కూడ అడిగి వ్రాసికొనుడు. పేర్లు పుస్తకాలలో దొరకును. ఈ వివరాలు వారితోనే పోవును.