చేతి మేజోళ్ళ అల్లికలో కొత్త పద్ధతులు

మగ్గము వారి పత్రికలో మేజోళ్ళ పాఠమెందుకని చదువరులు అడుగవచ్చును. 2020 లాక్‌డౌన్ నెలలలో మన దొడ్డబళ్ళాపురపు మరమగ్గాలు నిలిచిపోయినప్పుడు, ఇండ్లలోని అక్కలు, అమ్మలు మమ్ము అడిగిన మాట ఒకటే: “కరెంటు లేకుండ, పడుగు కోసం ఎదురుచూడకుండ, చేతులతో చేసుకొనే పని ఏమైనా ఉన్నదా?” అప్పుడు మేము చెప్పగలిగిన జవాబులలో అల్లిక ఒకటి. అప్పటినుండి నాలుగైదు జతలు చెడగొట్టి నేర్చుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా నేతకు, అల్లికకు గల భేదము తెలియవలెను. నేతలో పడుగు ఒకటి, పేక ఒకటి. ఒక పోగు తెగినా గుడ్డ నిలుస్తుంది. అల్లికలో ఉన్నది ఒకే దారము. ఉచ్చులో ఉచ్చు దూర్చుకొంటూ పోవడమే పని. ఆ ఉచ్చునే కుట్టు అంటున్నాము. ఒక కుట్టు తెగితే నిచ్చెన మెట్లవలె క్రిందివరకు జారుతుంది. నష్టమే. కాని తప్పు జరిగితే విప్పి అదే దారముతో మళ్ళీ అల్లుకొనే వసతి మన మగ్గానికి లేదు. గుడ్డ సాగదు, అల్లిక సాగుతుంది. పాదానికి కావలసినది ఆ సాగుడే.

దారము సంగతి మన ఊరికి ముఖ్యము. మన దగ్గర ఉన్నది పట్టు. 20/22 డెనియరు పోగులతో చేతి మేజోడు అల్లవలెనంటే, 100 గ్రాములకు 400 మీటర్లుండే మామూలు మేజోళ్ళ దారమంత లావు రావడానికి సుమారు 107 పోగులు కలిపి పురిపెట్టవలెను! లెక్క వేసి చూచి మేమే నవ్వుకొన్నాము. అంతకంటె 2/20 నంబరు నూలు నాలుగు పోగులు కలిపి పట్టుకొంటే ఇంచుమించు అదే లావు వస్తుంది. పెద్దవారి జతకు 80 నుండి 100 గ్రాములు చాలును. చిలప కొన్నవారు ముందు వేడినీళ్ళలో ఉతికి ఆరబెట్టవలెను. గంజి ఉంటే పోతుంది, ముడుచుకొనవలసిన నూలు అల్లకముందే ముడుచుకొంటుంది, నిలువని రంగు అక్కడే బయటపడుతుంది. చెమటపట్టిన కాలికి రంగు అంటితే కొన్నవారు రెండవసారి రారు.

నూలుకు ఒక లోపమున్నది: సాగినది మళ్ళీ దగ్గరకు రాదు. ఉన్నికి ఆ గుణము సహజముగా ఉన్నది. అందుకే పరదేశములలో మూడు పాళ్ళు ఉన్ని, ఒక పాలు నైలాను కలిపిన దారము ఎక్కువగా వాడుతారు. చళ్ళకెరె కంబళ్ళ ఉన్ని ఉన్నది కదా అంటారేమో, అది కంబళికే గాని కాలికి గరుకు. మేము మొదటి జతను నూలుతో పాదము కొలతకు సరిగ్గా అల్లితే ఒక్క ఉతుకుతో సంచివలె వదులైపోయినది. కావున నూలు వాడేవారు పాదము చుట్టుకొలతకంటె ఒక అంగుళము తక్కువగా పెట్టి, పై పట్టీని ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున బిగువుగా అల్లవలెను. మడమ దగ్గర సన్నని నైలాను పోగు ఒకటి కలుపుకొంటే అరుగుడు తగ్గును.

పాత పద్ధతి అందరికి తెలిసినదే. నాలుగైదు సూదులపై పైపట్టీ నుండి మొదలుపెట్టి, మడమ తిప్పి, వ్రేళ్ళకొనను కిచెనర్ కుట్టుతో మూస్తారు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిషు సేనాని పేరది. పడుగు అయిపోయినప్పుడు పాత కొసలకు కొత్త పోగులు అతికే మన చేతికి ఆ మూత పెద్ద కష్టము కాదు. అయితే దారము ఎంతవరకు సరిపోతుందో ముందు తెలియదు. పాదము సగములో ఉండగా కండె అయిపోతే చేసేదేమీ లేదు.

అందువలన వ్రేళ్ళకొన నుండి పైకి అల్లడమే మేలని మా అభిప్రాయము. కొలత సరిచూచుకొంటూ పోవచ్చును, మిగిలిన దారమంతయు పిక్కమీదికి పోవును. దీనిని కొత్త పద్ధతి అంటారు గాని, మధ్యయుగపు ఈజిప్టులో దొరికిన నీలి, తెలుపు నూలు మేజోళ్ళు కూడ వ్రేళ్ళవైపు నుండి మొదలైనవే. అంతకు ముందటి, ఒంటి సూదితో చేసిన ఈజిప్టు మేజోళ్ళు చెప్పు పట్టెకు వీలుగా బొటనవ్రేలి దగ్గర చీలి ఉన్నవి. చెప్పులు తొడిగే మన ఊరివారికి అదియు పనికివచ్చే ఆలోచనే.

కొత్తది నిజముగా ఏదంటే, మొదలుపెట్టే తీరు. జూడీ బెకర్ అనే ఆమె 2006లో ప్రకటించిన పద్ధతిలో రెండు సూది మొనలను ఒకదానిపై ఒకటి పట్టుకొని, దారపు రెండు కొసలను మార్చిమార్చి పైసూదికి ఒకసారి, క్రిందిసూదికి ఒకసారి చుట్టుతారు. అతుకు కనబడదు, వ్రేళ్ళకు ఒరుసుకొనదు. నాలుగు సూదులకు బదులు, మధ్య వంగే తీగ ఉన్న 80 నుండి 100 సెంటీమీటర్ల పొడవైన సూది ఒకటి చాలును. కుట్లు సగము ఒక మొనపై ఉంచి, మిగిలిన తీగను ప్రక్కకు ఉచ్చువలె లాగి అల్లుతారు. మ్యాజిక్ లూప్ అని దీని పేరు. 2002లో వెలువడిన ఒక చిన్న పుస్తకముతో ఇది బాగా వ్యాపించినది. ఈ సూదిపైనే రెండు ఉండలతో రెండు మేజోళ్ళు ఒకేసారి అల్లవచ్చును. ఉండలు చిక్కుపడును గాని జత సరిసమానముగా వచ్చును. ఒక మేజోడు పూర్తిచేసి రెండవది అటకమీద పెట్టేవారికి ఇది మంచి మందు.

కొలత ఇది. 2.25 లేక 2.5 మిల్లీమీటర్ల సూదితో అంగుళానికి 8 కుట్లు వస్తున్నవనుకొందాము. పాదము చుట్టు 9 అంగుళాలు. ఒకటి తగ్గిస్తే 8 అంగుళాలు, అనగా 64 కుట్లు. మొదట ఒక్కొక్క మొనపై 12 చొప్పున 24 కుట్లు వేయవలెను. చుట్టు విడిచి చుట్టు నాలుగేసి కుట్లు, రెండు ప్రక్కల రెండేసి, పెంచితే 20 చుట్లలో 64 అవుతుంది. ఇక పెంచకుండ, మడమకు రెండంగుళాలు తక్కువ వరకు అల్లుకొంటూ పోవలెను.

మడమయే ఈ పాఠములో ప్రాణము. మేజోడు మొదట చిరిగేది అక్కడే.

ఒక పద్ధతి పొట్టి వరుసలు. సగము, అనగా 32 కుట్లపైననే పని. వరుస చివరికి వచ్చి పని తిప్పవలెను. దారమును ముందుకు తెచ్చి, మొదటి కుట్టును అల్లకుండ కుడిసూదికి జార్చి, దారమును సూదిపైగా వెనుకకు గట్టిగా లాగితే, ఆ కుట్టు రెండు కాళ్ళతో జంటగా కనబడును. తిరిగి వచ్చునప్పుడు ఆ జంటకుట్టు వరకే అల్లి మళ్ళీ తిప్పవలెను. ఇట్లా ఇరుప్రక్కల పదేసి జంటలై మధ్య 12 మిగిలిన తరువాత, జంటలను ఒక్కటిగా అల్లుతూ మొత్తము 64పై రెండు చుట్లు తిరుగవలెను. తరువాత మధ్య పన్నెండుతో మొదలుపెట్టి, తిప్పినప్పుడెల్ల జంట చేయుచు, ప్రతి వరుసలో వెనుకటి జంటను దాటి ఒక్క కుట్టు ఎక్కువగా పోతే గిన్నెవంటి మడమ తయారగును. దీనిని జర్మన్ పద్ధతి అంటారు. దారము లాగుటలో చేయి సడలితే సందులు పడును. మా మొదటి మడమలో జల్లెడ కనబడినది.

రెండవది, మాకు ఎక్కువ నచ్చినది, తరువాత పెట్టే మడమ. అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) దీనిని ప్రచారములోనికి తెచ్చినది. మడమ సంగతి మరచి గొట్టమువలె అల్లి, చివరకు మడమ స్థానములో ఒక పోగును కత్తిరించి విప్పుట ఆమె తీరు. పోగు తెంపుమంటే నేతవారి చేయి వణుకుతుంది, మాకూ వణికినది! దానికి విరుగుడు ఉన్నది. ఆ చోట 32 కుట్లను వేరే రంగు దారపుముక్కతో అల్లి, వాటిని ఎడమసూదికి తిరిగి జార్చి, అసలు దారముతో మళ్ళీ అల్లి ముందుకు పోవలెను. మేజోడు పూర్తి అయిన పిదప ఆ ముక్కను లాగివేస్తే పైన, క్రింద ఉచ్చులు తెరుచుకొనును. రెండు మూలలలో ఒకటి రెండు కుట్లు ఎత్తుకొంటే రంధ్రము పడదు, ఎక్కువైన వాటిని మొదటి చుట్టులోనే కలిపి మొత్తమును 64కు తేవలెను. అక్కడినుండి చుట్టు విడిచి చుట్టు నాలుగేసి తగ్గించి, 24 మిగిలినప్పుడు కిచెనర్ కుట్టుతో మూయవలెను. ఇందులోని లాభమేమనగా, మడమ చిరిగితే దానిని మాత్రము విప్పి కొత్తది పెట్టవచ్చును. మేజోడంతా పారవేయనక్కరలేదు. అందుకని ఒక చిన్న ఉండ అదే రంగు దారము జతతోపాటు ఇవ్వవలెను.

పైకొస మూయునప్పుడు చేయి బిగించరాదు, పిక్కకు ఎక్కదు. జెనీ స్టేమన్ 2009లో చూపినట్లు ప్రతి కుట్టుకు ముందు సూదిపై ఒక చుట్టు దారము వేసి, దానిని ఆ కుట్టుపైగా దాటించి మూస్తే చాల సాగును.

ఇక ధర. చేయి తిరిగినవారికి కూడ జతకు 15 నుండి 20 గంటలు పట్టును. గంటకు 50 రూపాయలు వేసుకొన్నా, దారము గాక 750 నుండి 1,000 రూపాయలు. సంతలో యంత్రపు మేజోళ్ళు వంద రూపాయలకు రెండు మూడు జతలు దొరుకును. వాటితో పోటీ పడేవారు నష్టపోవుట తప్పదు. నరసాపురము లేసు కథ మనకు తెలియవలెను. మరియా మీస్ 1982లో ప్రకటించిన అధ్యయనములో, ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లే స్త్రీల పనిని ఇల్లాలి తీరిక పనిగా లెక్కించి అతి స్వల్పముగా చెల్లించుటను చూపినది. మన అక్కచెల్లెళ్ళు మొదటి జతనుండే గంటలు చీటీమీద వ్రాసి పెట్టుకొనవలెను. దళారి వచ్చి “తీరికలో చేసినదే కదమ్మా” అన్నప్పుడు ఆ చీటీ చూపవచ్చును.

మొదటి జత అమ్మకానికి పెట్టకండి. ఇంటిలో ఎక్కువ నడిచేవారికి తొడిగించి, మూడు ఉతుకుల తరువాత పాదము పొడవు, చుట్టు మళ్ళీ కొలిచి, ఎంత సాగినదో వ్రాసుకొని, రెండవ జత కుట్ల లెక్క దానినిబట్టి వేయండి.