పులితేన్పూ, అర్ధరాత్రి ఆయాసమూ

చెల్లెమ్మా, రాత్రి రెండింటప్పుడు ఆయాసంతో లేచి కూర్చున్నావే, అప్పుడు నోట్లోకి పుల్లనీళ్లు వచ్చాయా? గొంతు మండిందా? డాక్టరుగారికి ఆయాసం సంగతి ఒక్కటే చెప్పి వచ్చేస్తున్నావు. కడుపుకీ ఊపిరికీ ఏం సంబంధమని నీ అనుమానం. ఉందమ్మా, చాలా ఉంది.

అన్నం దిగే గొట్టం అడుగున ఒక కండరం బిగుసుకుని ఉంటుంది. దాని పట్టు తప్పితే కడుపులో ఆమ్లం పైకి తంతుంది. పడుకుంటే మరీనూ. ఆ పులుపు ఒక్కోసారి చుక్కలుగా శ్వాసనాళంలోకి జారుతుంది. జారకపోయినా, అన్నం గొట్టంలో మంట పుడితే చాలు, వేగస్ నరం ద్వారా ఊపిరి గొట్టాలు ముడుచుకుంటాయి. పిల్లికూతలు మొదలు. ఆయాసపడుతూ గట్టిగా ఊపిరి లాగినకొద్దీ కడుపులోది ఇంకా ఎగదన్నుతుంది. ఉబ్బసానికిచ్చే థియోఫిలిన్ మాత్ర కూడా ఆ కండరాన్ని వదులు చేస్తుంది.

మన చీరాల, వేటపాలెం నేత ఇళ్లలో ఆయాసమంటే అందరూ నూలు దుమ్మునే తిడతారు. దుమ్ము చేసే చెరుపు నిజమే. కానీ మధ్యాహ్నం ఆవకాయన్నం తిన్న చేతులు ఆరకముందే గుంటమగ్గంలోకి దిగి, లంగా బొందు బిగించిన పొట్టను మడుచుకుని వంగి నేస్తాం చూడు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రాత్రి అందరికీ పెట్టి, గిన్నెలు కడిగి, పదింటికి తిని, వెంటనే పక్కమీద వాలతాం. ఈ అలవాటు మీదే నాకు కోపం. పిల్లలతోపాటు నువ్వూ ఏడింటికే తిను. అత్తగారు ఏమన్నా అనుకోనీ. తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాల్సిందే.

తలవైపు మంచంకోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టు. దిండు మీద దిండు వేస్తే నడుం మడతపడి పొట్ట నొక్కుకుంటుంది. ఎడమపక్కకి తిరిగి పడుకో. మిరపకాయ మానమని అందరికీ చెప్పను, నీకు ఏది పడటం లేదో నువ్వే కనిపెట్టుకోవాలి.

గ్యాస్ మాత్రలు మాత్రం సొంతంగా కొని మింగకు. ఉబ్బసం అదుపులో లేకపోయినా గుండెల్లో మంట పెద్దగా లేని 412 మందిపై అమెరికాలో పరీక్షించి 2009లో ప్రచురించారు. కొందరికి ఎసోమెప్రజోల్ అనే గ్యాస్ మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర 24 వారాలు ఇస్తే, ఉబ్బసంలో తేడా ఏమీ కనబడలేదు. మంట ఉన్నవాళ్లలో కొందరికి మేలు చేయొచ్చు, అది డాక్టరు తేల్చాలి. అందుకే ఆయాసమూ మంటా రెండూ కలిపి చెప్పమంటున్నా. ఈలోగా ఇన్‌హేలర్ ఆపకు. మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి ఉబ్బసానికని పంచే చేపమందు మింగొచ్చినా సరే, ఆపొద్దు.

ఇంకొకటి. ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఎడమ చెయ్యి లాగుతుంటే గ్యాసేలే అని సోడా తాగి కూర్చోకు. 108కి ఫోన్ చెయ్యి.