ఏ నెలలో ఏ తీరానికి? - సముద్రం చూడబోయే వాళ్ళకి ఒక పాఠం



సంక్రాంతి సెలవులు అయ్యాక విహారయాత్ర సముద్రానికే అని హెడ్మాస్టరు గారు ప్రార్థనలో చెప్పారు. ఏ తీరానికి వెళ్ళాలో మాత్రం మమ్మల్నే కారణాలు చూపించి చెప్పమన్నారు. అప్పటినుంచి డార్మెటరీలో ఒకటే గోల. ఒకరు గోవా అంటారు, ఒకరు కన్యాకుమారి అంటారు, ఒకరు వైజాగు అంటారు. పేరు విని తీరాన్ని ఎంచుకోకూడదు. నాలుగు ప్రశ్నలు వేసుకుని ఎంచుకోవాలి. అట్లాసు, సోషల్ పుస్తకం, లైబ్రరీ పుస్తకాలు చూసి, సోషల్ మాస్టారిని అడిగి నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నాలుగు ప్రశ్నలు ఇవి:

1. అది ఏ వైపు తీరం?
2. మనం వెళ్ళేది ఏ నెల?
3. అక్కడ ఒడ్డు ఎలాంటిది?
4. అక్కడ మనల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఉన్నారా?

ఏ వైపు తీరం?

మూడు వైపుల నీరు, ఒక వైపు భూమి ఉంటే దాన్ని ద్వీపకల్పం అంటారు. మన దక్షిణ భారతం అలాంటిదే. పటంలో చూడండి, తలకిందులుగా పెట్టిన త్రిభుజంలా ఉంటుంది. తూర్పున బంగాళాఖాతం, పడమర అరేబియా సముద్రం, దక్షిణాన హిందూ మహాసముద్రం. త్రిభుజం కింది కొస కన్యాకుమారి.

రెండు తీరాలు ఒకలాంటివి కావు. పడమటి వైపు పశ్చిమ కనుమలు సముద్రానికి దగ్గరగా నడుస్తాయి. అందుకని అక్కడ మైదానం సన్నటి పట్టీలా ఉంటుంది. గోవా, గోకర్ణం, కోవళం లాంటి చోట్ల రాతి కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి, రెండు కొండల మధ్య చిన్న ఇసుక ఒడ్డు ఉంటుంది. కేరళలో వర్కల దగ్గరైతే ఒడ్డు వెనకే ఎర్రటి నిటారు గట్టు ఉంది.

తూర్పు వైపు మైదానం వెడల్పు. మహానది, గోదావరి, కృష్ణ, కావేరి ఇటే వచ్చి డెల్టాలు కట్టాయి. అందుకని ఇక్కడ పొడవాటి, చదునైన ఒడ్డులు ఎక్కువ. నది తెచ్చిన ఒండ్రు వల్ల మచిలీపట్నం దగ్గర మంగినపూడి ఒడ్డు నల్లగా ఉంటుంది. ఇసుక అంటే తెల్లగానే ఉండాలని లేదు.

విశాఖపట్నం దగ్గర మాత్రం తూర్పు కనుమలు సముద్రం దాకా వెళ్ళాయి. యారాడ కొండని చూసి ఓడలవాళ్ళు డాల్ఫిన్ నోస్ అన్నారు. ఆ కొండ రాయి పేరు ఖోండలైటు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? మన కొండల్లో ఉండే ఖోండులు, అంటే కోదుల పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టినది. మన బడిలో చదివే కోదు పిల్లల జాతి పేరు సముద్రం ఒడ్డున రాయికి ఉంది! సముద్రం మనకి పరాయిది అనుకోనక్కర లేదు.

ఇంకో తేడా: తూర్పు తీరంలో సూర్యుడు నీటిలోంచి లేస్తాడు. పడమటి తీరంలో నీటిలోకి దిగుతాడు. సూర్యోదయం కావాలంటే తెల్లారకముందే తూర్పు ఒడ్డుకి, సూర్యాస్తమయం కావాలంటే సాయంత్రం పడమటి ఒడ్డుకి వెళ్ళాలి. కన్యాకుమారిలో ఈ రెండూ చూడవచ్చు.

ఏ నెల?

మన ఊరి సంత వారానికి ఒకరోజే. మిగతా రోజుల్లో వెళితే ఖాళీ దిబ్బ కనిపిస్తుంది. తీరానికీ అలాగే వేళ ఉంది.

జూన్ మొదటి రోజుల్లో నైరుతి ఋతుపవనాలు కేరళను తాకుతాయి. గాలి సముద్రం మీదనుంచి నేరుగా పడమటి తీరం మీదికి వీస్తుంది. సెప్టెంబరు దాకా అక్కడ అలలు చాలా పెద్దవి. గోవాలో ఆ నెలల్లో నీళ్ళలోకి దిగవద్దని ఎర్ర జెండాలు కడతారు. కాబట్టి పడమటి తీరానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఇందులో ఒక వింత ఉంది. కేరళలో అలప్పుళ దగ్గర వానాకాలంలో కొన్నిచోట్ల నీటి అడుగు బురద కదిలి, అక్కడ మాత్రం సముద్రం చెరువులా నెమ్మదిస్తుంది. దాన్ని వాళ్ళు చాకర అంటారు. చేపలు బాగా పడతాయి గనక జాలరులు దానికోసం ఎదురుచూస్తారు.

మన తూర్పు తీరానికి అసలు భయం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అది తుఫానుల కాలం. తమిళనాడుకి ఎక్కువ వాన పడేది కూడా అప్పుడే, ఈశాన్య ఋతుపవనాల వల్ల. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చి వేలమంది చనిపోయారు. 1996 నవంబరులో కోనసీమ దెబ్బతింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకింది, మన కాఫీ తోటల్లో నీడ చెట్లు కూడా కూలాయి. రామేశ్వరం దగ్గర ధనుష్కోటి అనే ఊరు 1964 డిసెంబరు తుఫానులో కొట్టుకుపోయింది. ఇప్పుడు అక్కడ శిథిలాలు చూడ్డానికి జనం వెళతారు.

మే నెలలో కూడా తుఫానులు వస్తాయి, పైగా ఎండకి ఇసుక కాళ్ళు కాలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పున కూడా అలల జోరు ఎక్కువే. ఇవన్నీ తీసేస్తే మన తీరానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా నెలలు మిగిలాయి. మన యాత్ర జనవరిలో. రెండో ప్రశ్నకి జవాబు దొరికింది.

ఒడ్డు ఎలాంటిది?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. చదవకుండా దాటిపోవద్దు.

మా క్లాసులో ఒకడు అన్నాడు, “గెడ్డలో ఈదినోళ్ళం, సముద్రం మనల్నేటి సేస్తాది?” అని. మనలో చాలామందికి ఈత వచ్చు. విహారయాత్రకి వెళ్ళి అలల్లో కొట్టుకుపోయిన విద్యార్థుల వార్త పేపర్లో ఏటా వస్తూనే ఉంటుంది. వాళ్ళలోనూ ఈత వచ్చినవాళ్ళు ఉంటారు. ఎందుకంటే గెడ్డ వేరు, సముద్రం వేరు.

గెడ్డలో నీరు ఒకవైపే పోతుంది. ఎటు పోతున్నదీ కంటికి కనిపిస్తుంది. అటూ ఇటూ గట్టు ఉంటుంది. సముద్రానికి ఒక్కటే గట్టు. అలలు నీళ్ళని ఒడ్డుకి తెచ్చి పోస్తూ ఉంటాయి. వచ్చిన నీరు మళ్ళీ వెనక్కి పోవాలి కదా. అడుగున ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ పల్లం ఉంటే, నీరంతా అక్కడ చేరి సన్నటి ప్రవాహంగా లోపలికి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంటు అంటారు. గజ ఈతగాడు కూడా దానికి ఎదురీది గెలవలేడు.

దాన్ని గుర్తుపట్టడం ఎలా? రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం అలలు విరగకుండా నిదానంగా, కాస్త నల్లగానో మట్టిరంగుగానో కనిపిస్తే అదే. చూడండి, కొత్తవాళ్ళు ఏమనుకుంటారు? “ఇక్కడ అల లేదు, ఇక్కడే దిగుదాం” అనుకుంటారు. నెమ్మదిగా కనిపించే చోటే లాగేసే చోటు!

అందులో చిక్కితే ఏం చెయ్యాలి?
- ఒడ్డు వైపు ఎదురీదకూడదు. బలం అంతా పోతుంది.
- అది మనిషిని లోపలికి తీసుకుపోతుంది గాని అడుగుకి లాగదు. కాబట్టి భయపడకుండా తేలాలి. చెయ్యి పైకెత్తి అరవాలి.
- ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదాలి. ప్రవాహం సన్నం గనక కాస్త దూరంలో దాన్ని దాటుతాం. అప్పుడు అలలతో పాటు ఒడ్డుకి రావాలి.
- ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకకూడదు. ఒకరికోసం ఇంకొకరు దూకడం వల్లే ఇద్దరూ పోతారు. తాడు, ఖాళీ క్యాను, ఏదైనా తేలే వస్తువు విసరాలి. రక్షకులని పిలవాలి.

ఇక నది సముద్రంలో కలిసే చోటు. కళింగపట్నంలో వంశధార, అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి, భీమిలిలో గోస్తని. ఇవి కళ్ళతో చూసే చోట్లు. స్నానం చేసే చోట్లు కావు. నది నీరు, ఆటుపోట్లు రెండూ కలిసి అక్కడ ప్రవాహం ఎటు తిరుగుతుందో తెలియదు. నాచు పట్టిన రాళ్ళు కూడా ఎక్కకూడదు.

ఆటుపోట్లు మరచిపోవద్దు. నీరు రోజుకి రెండుసార్లు పైకి వస్తుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. ప్రతిరోజూ ఈ వేళ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. ఒడిశాలో చాందీపూర్ దగ్గర ఒడ్డు బాగా చదును కావడంతో నీరు కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది. కాని వేళ కాని వేళలో నీరు ఒక్కసారిగా వెనక్కి పోతే అది ఆటు కాదు, సునామీ గుర్తు కావచ్చు. 2004 డిసెంబరు 26న అలా బయటపడ్డ నేల చూద్దామని వెళ్ళినవాళ్ళు కూడా చనిపోయారు. అలా జరిగితే వెంటనే ఎత్తు ప్రదేశానికి పరుగెత్తాలి.

కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఉన్నారా?

నీరు శుభ్రంగా ఉందా, రక్షకులు ఉన్నారా, మరుగుదొడ్లు ఉన్నాయా అని పరీక్షించి కొన్ని తీరాలకి నీలి జెండా గుర్తింపు ఇస్తారు. 2020లో మన దేశంలో 8 తీరాలకి అది వచ్చింది. వాటిలో ద్వీపకల్పపు పడమటి వైపు కర్ణాటకలో కాసర్‌కోడ్, పడుబిద్రి, కేరళలో కప్పాడ్ ఉన్నాయి. 1498లో వాస్కోడిగామా దిగిన చోటని చదువుకున్నామే, ఆ కప్పాడే. తూర్పు వైపు పూరీ, మన ఋషికొండ ఉన్నాయి. జెండా ఉందని అలకి దయ పుట్టదు. కాని మనిషి మునుగుతుంటే చూసేవాడు ఒకడు ఉంటాడు. చెన్నై మెరీనా ఎంత పేరున్నదైనా అక్కడ ఈత నిషేధం. పేరు వేరు, క్షేమం వేరు.

అయితే మనం ఎక్కడికి?

గోవా, కన్యాకుమారి మనకి దూరం, ఖర్చు. అవి పెద్దయ్యాక చూద్దాం. విశాఖ దగ్గర ఉన్నవి ఇవి:

*రామకృష్ణా బీచి:* కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఇక్కడే ఉంది. 2002 నుంచి జనం లోపలికి వెళ్ళి చూస్తున్నారు. కాని లాగే ప్రవాహాలు తరచు ఏర్పడే చోటు. మ్యూజియం చూడాలి, నీళ్ళలోకి దిగకూడదు.

*యారాడ:* మూడు వైపుల కొండ, చాలా అందం. అలల జోరు ఎక్కువ. చిన్నపిల్లలకి వద్దు.

*ఋషికొండ:* రక్షకులు ఉంటారు. వాళ్ళు చూపించిన హద్దులో మోకాలి లోతు దాకా దిగవచ్చు.

*భీమిలి:* డచ్చివారి పాత సమాధులు ఉన్నాయి. దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. అన్నిటికన్నా మించి ఇక్కడ గోస్తని ఉంది. అది మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా పోయి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. మన కొండమీద పడిన వాన చివరికి ఎక్కడికి పోతుందో అక్కడ నిలబడి చూడవచ్చు.

అందుచేత నా ఓటు ఇలా: పొద్దున్న ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. మధ్యాహ్నం కురుసుర. ఎండ తగ్గాక ఋషికొండలో కాళ్ళు తడుపుకోవడం. చీకటి పడకముందే బస్సు.

ఇద్దరిద్దరు జోడీగా ఉండాలి. జోడీని వదలకూడదు. వార్డెను గారు గంటకోసారి లెక్క తీస్తారు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి, కనిపిస్తే ముట్టుకోవద్దు. జాలరి తాత ఎవరైనా “ఇక్కడ దిగకండి” అంటే మారు మాట్లాడకుండా వెనక్కి రావాలి. అడవిలో దారి మన తాతలకి తెలిసినట్టే నీటిలో దారి వాళ్ళకి తెలుసు.

ఆలోచించి జవాబు రాయండి:

1. ఆగస్టులో గోవా వెళదామని ఒకరు అన్నారు. మీరేమంటారు, ఎందుకు?
2. ఒడ్డున రెండు అలల మధ్య నీరు నిదానంగా ఉంది. దిగవచ్చా?
3. మీ స్నేహితుడు ప్రవాహంలో చిక్కాడు. మీరు మొదట ఏం చేస్తారు?
4. పటం గీసి గోస్తని పుట్టిన చోటు, కలిసిన చోటు గుర్తించండి.

జవాబుల కాగితాలు గోడపత్రిక కింద అట్టపెట్టెలో వెయ్యండి. మూడో ప్రశ్నకి సరైన జవాబు రానివాళ్ళు బస్సెక్కే ముందు నా దగ్గరికి రండి, మళ్ళీ చెబుతాను. ఆ ఒక్కటి మాత్రం అందరికీ నోటికి రావాలి.